గాజుగ్లాసు మీద చిన్నచూపు

చిత్రకళ గురించి నలుగురు చేరి మాట్లాడుకునే చోట వస్తుచిత్రం, అదే స్టిల్‌లైఫ్ పేరెత్తి చూడండి. "ఏముంది సార్ అందులో? డ్రాయింగ్ పరీక్షకు పిల్లోళ్ళు వేసేదే గదా!" అని ఒకాయన తేల్చేస్తాడు. "అది దొరల పద్ధతి, మనది కాదు" అంటాడు ఇంకొకాయన. "ఫోన్ తీసి నొక్కితే వచ్చేదానికి నెల రోజుల కష్టం దేనికి?" అని మూడో ఆయన సందేహం. నాలుగో ఆయన నాలుగు పుస్తకాలు చదివినవాడు. "రైతు రోడ్డున పడి ఉంటే నువ్వు బల్ల మీద పండ్లు పేర్చుకొని వెలుగు చూస్తా కూర్చుంటావా?" అని నిలదీస్తాడు. అభ్యాసం, అరువు, అనుకరణ, పలాయనం. ఈ నాలుగు ముద్రలూ కొట్టాక వస్తుచిత్రానికి ఇంక లేచే దారి ఉండదు. గాజుసీసాలోంచి దాటే వెలుగును రంగుల్లో పట్టాలని ఏళ్ళ తరబడి కూర్చున్న చిత్రకారుడు కూడా తన బొమ్మ చూపించేటప్పుడు "ఊరికే, చెయ్యి తిరగడం కోసం వేశాను" అని సంజాయిషీ చెప్పుకుంటాడు. ఆ సంజాయిషీ అక్కర్లేదు. ఈ నాలుగు ముద్రల్లో ఒక్కటి కూడా విచారణకు నిలవదు.

ముందు ఈ చిన్నచూపు పుట్టిల్లు ఎక్కడో చూద్దాం. 1648లో పారిస్‌లో పెట్టిన రాజ అకాడమీ చిత్రాలకు అంతస్తులు కట్టింది. 1660లలో ఆ అకాడమీకి చెందిన ఆండ్రే ఫెలిబియన్ ఆ వరసను కాగితం మీద పెట్టాడు. పురాణ ఘట్టం, చరిత్ర ఘట్టం అన్నిటికంటే పైన. దాని కింద మనిషి రూపం. దాని కింద జంతువులు, ప్రకృతి దృశ్యాలు. అట్టడుగున పండ్లు, పూలు, గవ్వలు. కారణం కూడా చెప్పారు: సృష్టిలో మనిషి మిన్న కాబట్టి మనిషిని వేసేవాడు మిన్న, ప్రాణం లేనిదాన్ని వేసేవాడు తక్కువ. ఇది చిత్రం గురించి ఇచ్చిన తీర్పు కాదు, చిత్రంలో ఉన్నవాళ్ళ హోదా గురించి ఇచ్చిన తీర్పు. దర్బారులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించే బుద్ధే బొమ్మల దగ్గరా పనిచేసింది.

ఆ బుద్ధి మన దాకా వచ్చిన దారి కూడా తెలిసిందే. 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో ఆర్ట్ స్కూలు పెట్టాడు. ఆ కాలపు బ్రిటిష్ పాలకులకు కావలసింది సొంత చూపున్న చిత్రకారులు కాదు. కొలత తప్పకుండా గీసే చేతిపనివాళ్ళు, నక్షాలు గీసేవాళ్ళు. అందుకని వస్తువును చూసి గీయడం చేతికి ఇచ్చే కసరత్తుగా పాఠాల్లోకి వచ్చింది. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసినవాళ్ళకు ఆ కసరత్తు రూపం గుర్తుండే ఉంటుంది: ఒక కుండ, ఒక చెంబు, మడతలు పెట్టిన గుడ్డ, దుమ్ము పట్టిన ప్లాస్టిక్ ఆపిల్. పైన రెండు ట్యూబులైట్లు. ఎడమవైపు వెలుగు, కుడివైపు నీడ అని పిల్లవాడు ముందే నేర్చుకొని వస్తాడు. ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండానే వేసి మార్కులు తెచ్చుకుంటాడు. ఇట్లా నేర్పి, ఆ తర్వాత స్టిల్‌లైఫ్ అంటేనే చప్పగా ఉంటుందని తీర్పు చెప్పడం ఏం న్యాయం? బోధన తప్పును ప్రక్రియ మీద రుద్దుతున్నాం.

"పరాయిది" అని కొట్టేసేవాళ్ళు గమనించని సంగతి ఇక్కడే ఉంది. వస్తుచిత్రాన్ని అట్టడుగున కూర్చోబెట్టిన ఆ తూకమే అసలు పరాయి సరుకు. పారిస్ అంతస్తులూ లండన్ కసరత్తులూ తెల్లవాళ్ళ వెంటే ఓడ దిగాయి. మనం ఆ చిన్నచూపును అరువు తెచ్చుకొని, దానికి దేశాభిమానం అని పేరు పెట్టుకున్నాం.

పైగా, ఆ అంతస్తులను వాళ్ళ చిత్రకారులే లెక్కచెయ్యలేదు. 1728లో షార్డాన్‌ను ఆ అకాడమీ చేర్చుకుంది, జంతువులూ పండ్లూ వేసేవాడనే కింది హోదాలోనే. 1761 ప్రాంతంలో అతను ఒక చిన్న చిత్రం వేశాడు: గ్లాసులో నీళ్ళు, పక్కన కాఫీ కాచే పాత్ర, కొన్ని వెల్లుల్లి గడ్డలు. ఇప్పుడది అమెరికాలో పిట్స్‌బర్గ్ మ్యూజియంలో ఉంది. అదే కాలంలో పై అంతస్తులో కూర్చొని రోమన్ వీరుల్ని వేసినవాళ్ళ పేర్లు పరిశోధకులు తప్ప ఎవరూ తలచుకోరు. ఇంకో వందేళ్ళ తర్వాత, జబ్బుతో నడవలేని స్థితిలో ఎద్వార్ మానే, తనను చూడవచ్చిన స్నేహితులు తెచ్చిన పూలను గాజుపాత్రల్లో పెట్టి చిన్న చిన్న చిత్రాలు వేశాడు. 1883లో పోయాడు. ఆ చిత్రాల్లో నీళ్ళలో మునిగిన కాడలు గాజుకు అవతల ఎట్లా విరిగినట్టు కనబడతాయో చూసినవాళ్ళు, అది చెయ్యి తిరగడానికి చేసిన పని అనలేరు. ఆయన చెయ్యి ఎప్పుడో తిరిగింది. మిగిలిన కొద్ది కాలాన్ని ఆయన దేనికి ఖర్చుపెట్టాడన్నదే అక్కడ చూడవలసింది.

ఇప్పుడు అనుకరణ అనే ముద్ర. దీన్ని తేల్చాలంటే గాజును వేసేవాడు నిజంగా ఏం చేస్తాడో దగ్గరగా చూడాలి. చిత్తూరు జిల్లా కార్వేటినగరంలో ఏప్రిల్ మధ్యాహ్నం ఏదో ఒక బంకు దగ్గర నన్నారి షర్బత్ అడగండి. నన్నారి పాకం, నిమ్మరసం, నానిన సబ్జా గింజలు, పైన నీళ్ళో సోడానో. గ్లాసును ఎండ తగిలే చెక్క మీద పెట్టి తాగకుండా రెండు నిమిషాలు చూడండి. నడుమ భాగంలో రంగు ముదురుగా, ఎర్రబారిన తేనెలా ఉంటుంది, చూపు దాటాల్సిన ద్రవం అక్కడ ఎక్కువ మందం కాబట్టి. అంచులకు వచ్చేసరికి అదే ద్రవం పలచబడి లేత పసుపు. గాజు అంచు మాత్రం సన్నటి నల్లగీత. అక్కడ వెలుగు వంగి పక్కకు పోతుంది, మన కంటికి చేరదు. గ్లాసు వెనక దూరాన ఉన్న నీలం తలుపు గ్లాసులో కనబడుతుంది, కానీ కుడి ఎడమలు తారుమారై. ఇక చెక్క మీద పడిన నీడ. నీడ అంటే నలుపు అని బళ్ళో చెప్పారు. ఈ నీడ నడుమ బంగారు రంగు మరక ఒకటి, చుట్టూ ఉన్న ఎండకంటే ఎక్కువ మెరుస్తూ ఉంటుంది. ద్రవం నిండిన గ్లాసు లెన్సులా పనిచేసి ఎండను ఒకచోటికి పోగుచేసింది.

మరి ఇందులో "గ్లాసు రంగు" ఏది? లేదు. వెనకనున్న తలుపు ఉంది, లోపలి పాకం ఉంది, కింది చెక్క ఉంది, పైన ఆకాశం ఉంది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి ఎట్లా పనిచేస్తున్నాయో అదే గ్లాసు. గాజును వేసేవాడు గాజును వెయ్యలేడు; గాజు వల్ల తక్కినవాటికి ఏమైందో వేస్తాడు. ఏ రంగూ ఏ వస్తువుకూ సొంతం కాదని, పక్కదాన్ని బట్టే దాని బతుకు అని చెయ్యి స్వయంగా తెలుసుకునే ప్రక్రియ ఇది. పురాణ చిత్రంలో తెలియనిదాన్ని కథ వెనక దాచుకోవచ్చు. రాముడి ముఖం కుదరకపోయినా విల్లు చూసి రాముడని చెబుతాం. గ్లాసుకు ఆ వెసులుబాటు లేదు. చూపు తప్పితే అది గ్లాసు కాకుండా పోతుంది.

అనుకరణ వాదం కూలిపోయే చోటు ఇంకొకటి ఉంది. ఎండలో గాజు మీది మెరుపుకూ పక్కనున్న నీడకూ వెలుగులో తేడా వేల రెట్లు. కాగితం తెలుపుకూ ట్యూబులోని నలుపుకూ తేడా కొన్ని పదుల రెట్లే. కాబట్టి ఉన్నదాన్ని ఉన్నట్టు వెయ్యడం అసలు సాధ్యమే కాదు. మెరుపు మెరవాలంటే తక్కిన బొమ్మంతా ఒక స్థాయి దించాలి. తెల్లటి గుడ్డను కూడా బూడిద చెయ్యాలి. ఎక్కడ ఎంత దించాలో, ఏది త్యాగం చెయ్యాలో చిత్రకారుడే నిర్ణయించాలి. నీటిరంగుల్లో అయితే ఆ మెరుపు ఏ రంగూ తగలని కాగితమే. అంటే బొమ్మ మొదలుపెట్టక ముందే అత్యంత వెలుగు ఎక్కడో తేల్చుకొని, చివరిదాకా దాన్ని కాపాడుకోవాలి. ఇది నకలు పని కాదు. ప్రతి అంగుళానికీ ఒక తీర్మానం.

కెమెరా సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఫోన్ కెమెరా సెన్సర్ మెరుపు దగ్గర తెల్లగా మాడిపోతుంది, నీడ దగ్గర మసిబారుతుంది. అది తెలిసే ఫోన్ కంపెనీలు రెండు మూడు ఫొటోలను కలిపి ఒకటిగా వండుతున్నాయి. ఆ వంటలో ఉప్పూ కారం ఎంతో ఎక్కడో కూర్చున్న ఇంజనీరు ముందే నిర్ణయించాడు, కోట్ల ఫోన్లకు కలిపి ఒకే తీరులో. పట్టేది కూడా సెకనులో ఒక ముక్కను మాత్రమే. చిత్రకారుడు బల్ల ముందు మూడు గంటలు కూర్చుంటే వెలుగు జరుగుతుంది, నీడ పొడవు మారుతుంది, నిమ్మచెక్క ఎండుతుంది. పొద్దున చూసిన అంచునూ మధ్యాహ్నం చూసిన రంగునూ ఒకే బొమ్మలో ఎట్లా పొత్తు కుదర్చాలో అతను తేల్చుకుంటాడు. కెమెరాను తక్కువ చెయ్యనక్కర్లేదు. దాని పని అది బాగానే చేస్తుంది. కానీ అది చెయ్యని పనిని చేసిందని చెప్పి చిత్రకారుణ్ణి ఇంటికి పొమ్మనడం అన్యాయం.

"మన సంప్రదాయంలో ఈ వెలుగు గొడవ లేదు, మనది గీత, మనది చదునైన రంగు" అనే మాట ఇంకా తరచుగా వింటాం. ఇది చెప్పేవాళ్ళు సొంత జిల్లాల పనితనాన్ని సరిగ్గా చూడలేదని అనుమానించాలి. కార్వేటినగరం నుంచి పుత్తూరు, తిరుపతి మీదుగా పోతే శ్రీకాళహస్తి. అక్కడి కలంకారీలో రంగు గుడ్డ మీద పూతలా నిలబడదు, నూలులోకి దిగుతుంది. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. ఇనుపముక్కలు, బెల్లం ఊరబెట్టిన కసిం తగలగానే కరక్కాయతో కలిసి నల్లగీత తేలుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పూసి, గుడ్డను రంగువేళ్ళతో కలిపి ఉడికిస్తారు. పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. పసుపు మీద నీలి పడితే పచ్చ. ఆ పచ్చను ఎవరూ గిన్నెలో కలపలేదు. ఒక పలచటి రంగులోంచి ఇంకో రంగు కనబడి తయారైంది. తెలుపు అనే రంగే లేదు. తెలుపు గుడ్డదే, మొదటినుంచీ కాపాడుకున్నది.

యూరప్ తైలచిత్రకారులు పొర మీద పొర పలచగా వేసి వెలుగును లోపలినుంచి రప్పించిన పద్ధతికీ దీనికీ సామగ్రిలో తేడా ఉంది, సూత్రంలో లేదు. నీటిరంగుల చిత్రకారుడు కాపాడుకునే తెల్లకాగితమూ, కాళహస్తి పనివాడు కాపాడుకునే తెల్లగుడ్డా ఒకటే. 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఈ కళను మనం కథల కోసం మాత్రమే మెచ్చుకుంటున్నాం: ఇది రామాయణం, ఇది దశావతారాలు అని. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి వంటి వాళ్ళ చేతిలో ఆ కథలతోపాటు రంగు ఎట్లా రంగును దాటి వస్తుందనే జ్ఞానం కూడా ఉంది. ఆ జ్ఞానాన్ని గాజుగ్లాసు ముందు కూర్చున్న కుర్రవాడికి అందించకుండా, "పారదర్శకత మనది కాదు" అనడం ఇంట్లో బావి పెట్టుకొని పొరుగింటికి బిందె పట్టుకుపోయినట్టే.

చిన్న విషయంలో పెద్ద కళ ఇమడదనే వాదం కార్వేటినగరంలో నిలబడి చేస్తే మరీ వింత. ఈ సంస్థానంలో వెంకట పెరుమాళ్ రాజు ఆదరణలో వేణుగోపాలుడి ముద్రతో పదాలు కట్టిన సారంగపాణి, ఇంటి మాటను, వీధి మాటను, ఎత్తిపొడుపును, అల్లరిని సంగీతంలోకి తెచ్చాడు. కావ్యభాషకు అలవాటుపడిన చెవులకు అది తక్కువ మాటే. కానీ ఈ ఊరి పేరు సాహిత్యంలో నిలిచింది ఆ తక్కువ మాటల వల్లే. ఆ పదాల్లో నోటి మాటకు ఉన్న మర్యాదే చిత్రంలో చేతి వస్తువుకు ఎందుకు ఉండకూడదు? బంకులోని గ్లాసు, బస్టాండులో వాడి పడేసిన నీళ్ళ సీసా, పెండ్లి భోజనంలో పల్చటి ప్లాస్టిక్ కప్పు మన కాలపు వాడుక భాష.

అన్నిటికంటే గట్టి ముద్ర చివరిది: ఇది జనాన్ని మరిచిన కళ అనేది. దీనికి జవాబు మామిడితోనే చెప్పాలి. 2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి ధర పడిపోయింది. కాయలు నింపిన ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ ఇచ్చే 8 రూపాయలకు తాను 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు అందేలా చూస్తామని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. ఈ కథను చిత్రకారుడు ఎట్లా చెప్పాలి? తలపాగా చుట్టుకొని నుదుటి మీద చెయ్యి పెట్టుకున్న రైతు బొమ్మ మనకు వందలసార్లు చూపించారు. చూసీ చూసీ కన్ను మొద్దుబారింది. దానికి బదులు బల్ల మీద మూడు వస్తువులు పెట్టండి: ముక్కు తేలిన తోతాపురి కాయ ఒకటి, ఆ కాయ గుజ్జుతోనే చేసిన పానీయం ప్లాస్టిక్ సీసాలో, పక్కన తాగేసిన ఖాళీ సీసా. కాయ తొక్క వెలుగును పైపైనే తిప్పికొడుతుంది. నిండు సీసాలోకి దూరిన వెలుగు గుజ్జు రేణువుల్లో చెదిరి, సీసా లోపలినుంచే వెలిగినట్టుంటుంది. ఖాళీ సీసాలోంచి అవతలిదంతా కనబడుతుంది, దాని మీది ధర చీటీ తప్ప. వెలుగును ఆపేది, పట్టుకునేది, వదిలేసేది: ఈ మూడు తీరులను నిజాయితీగా వేస్తే తోట నుంచి దుకాణం దాకా సరుకు ప్రయాణమంతా అక్కడ ఉంటుంది, ఒక్క నినాదం రాయకుండా.

ఇది ఊహ కోసం చెప్పిన మాట కాదు. 1938లో పుట్టిన అమెరికన్ చిత్రకారిణి జానెట్ ఫిష్ యేల్‌లో చదివే రోజుల్లో అక్కడ నైరూప్య చిత్రానిదే రాజ్యం. కనబడే వస్తువును వెయ్యడమంటే వెనకబాటు. ఆమె 1960ల చివర్లో సూపర్‌మార్కెట్‌లో ప్లాస్టిక్ కాగితం చుట్టి అమ్మే పండ్లను కొనితెచ్చి, ఆ చుట్టుతో సహా పెద్ద కాన్వాసుల మీద వేశారు. తర్వాత గాజుసీసాలు, నీళ్ళ గ్లాసులు. పండుకూ మనిషికీ మధ్య ఒక మెరిసే పొర వచ్చి చేరిన కాలాన్ని ఆ చిత్రాలు చూపినంత స్పష్టంగా ఏ ఉపన్యాసమూ చూపలేదు. మన దగ్గరా ఉదాహరణ ఉంది. 1940లో పుట్టి 2019లో పోయిన చిత్రకారుడు సూర్యప్రకాశ్ మొదటి రోజుల్లో తుక్కు మోటార్లను వేశాడు, తర్వాత కొలను నీళ్ళలో ఆకుల నీడలను. మనిషి లేని ఆ చిత్రాలను తెలుగు ప్రేక్షకులు గోడల మీద పెట్టుకున్నారు. జనం లేకపోతే జనం చూడరన్న భయం విమర్శకులదే.

ఒక మాట ఒప్పుకోవాలి. స్టిల్‌లైఫ్ పేరుతో అమ్ముడుపోయే సరుకులో చాలా భాగం ఈ తిట్లకు తగిందే. ద్రాక్షపండు మీద ఒక తెల్లచుక్క, దాని మీద మూడు మంచుబిందువులు, వెనక వెల్వెట్ గుడ్డ, ఫొటో ముందు పెట్టుకొని వెంట్రుక వాసి తేడా లేకుండా నున్నగా నింపిన తళతళ. హోటల్ లాబీలకు అవి చాలు. వాటిలో మెరుపు ఉంటుంది, వెలుగు ఉండదు. ఆ తెల్లచుక్క ఏ కిటికీనుంచి వచ్చిందో వేసినవాడికే తెలియదు. కానీ నాసిరకం కీర్తనలు ఉన్నాయని త్యాగరాజును తీసి పారేస్తామా? చెడ్డ వస్తుచిత్రం మీద కోపం ఉన్నవాళ్ళు మంచి వస్తుచిత్రాన్ని డిమాండ్ చెయ్యాలి, ప్రక్రియకే గోరీ కట్టకూడదు.

ఆ డిమాండ్ ఎక్కడ మొదలవ్వాలో కూడా చెప్పవచ్చు. జిల్లా ప్రాథమిక పాఠశాలలకు టీచర్లను తయారుచేసే డైట్ ఉన్నది కార్వేటినగరంలోనే. రేపు ఊరూరా పిల్లలకు బొమ్మలు నేర్పే చేతులు అక్కడ తయారవుతాయి. వాళ్ళ చేతికి ప్లాస్టిక్ ఆపిల్ ఇవ్వకండి. ట్యూబులైటు ఆపి, ఒక్క కిటికీ తెరిచి, గ్లాసుడు నీళ్ళు పెట్టి, దాని నీడలో ఎన్ని రంగులున్నాయో అడగమని చెప్పండి. దానికి పైసా ఖర్చు లేదు. తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో కలంకారీ నేర్చుకునేవాళ్ళనూ, ఫైన్ ఆర్ట్స్‌లో నీటిరంగులు నేర్చుకునేవాళ్ళనూ వారం రోజులు ఒకే బల్ల ముందు కూర్చోబెట్టండి. పసుపు మీద నీలి పడితే పచ్చ అయ్యే రహస్యం ఇద్దరికీ అవసరమే. పోటీలు పెట్టేవాళ్ళు స్టిల్‌లైఫ్‌ను విద్యార్థుల విభాగానికి నెట్టడం మానాలి. న్యాయనిర్ణేతలు బొమ్మలో ఎవరున్నారని కాకుండా వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడికి పోయిందని అడగాలి. పురాణం వేసినా పోరాటం వేసినా ఆ ప్రశ్నకు జవాబు లేని బొమ్మ అబద్ధమే చెబుతుంది.

చిత్రాలకు మెట్లు కట్టిన ఆ రాజ అకాడమీని ఫ్రాన్సు 1793లోనే మూసేసింది. దాని మెట్లను ఇంకా ఊడ్చి ముగ్గులు పెడుతున్నది మనమే.